అమెరికాలో కాలేజీ ఖర్చు, ఆర్థిక సహాయం: తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూలు చదువుతున్న పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు నన్ను ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. నేను వృత్తిరీత్యా ఆర్థిక సలహాదారును కాను. ఇద్దరు పిల్లలను ఇక్కడి కాలేజీలకు పంపిన తల్లిని. అక్టోబరు వచ్చిందంటే తెలిసిన కుటుంబాలతో కూర్చుని ఫారాలు నింపించడం కొన్నేళ్లుగా నాకు అలవాటైంది. కింద ఇచ్చిన అంకెలు 2025-26, 2026-27 విద్యా సంవత్సరాల నిబంధనల ప్రకారం ఉన్నవి.

డబ్బు సంగతి పిల్లలతో ఎప్పుడు మాట్లాడాలి?

పిల్లలు కాలేజీల జాబితా రాసుకోవడం మొదలుపెట్టకముందే మాట్లాడాలి. అంటే పదకొండో తరగతి ముగిసేలోపు ఇంట్లో ఈ మాట ఒకసారైనా జరిగి ఉండాలి. మా పెద్దమ్మాయి విషయంలో మేము ఆ పని చేయలేదు. చదువు దగ్గర డబ్బు ప్రసక్తి తెచ్చి పిల్లను బాధపెట్టకూడదన్న ఉద్దేశంతో ఇద్దరమూ మౌనంగా ఉండిపోయాం. పన్నెండో తరగతి మార్చి నెలాఖరులో తను ఎంతో ఆశపడిన ఒక ప్రైవేటు కాలేజీలో సీటు వచ్చింది. ఆ రాత్రి మా వారు పాత కరెంటు బిల్లు వెనక నాలుగేళ్ల లెక్క వేశారు. అడుగున వచ్చిన మొత్తాన్ని చూసి అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఈ కాగితం అక్టోబరులోనే చూపించి ఉంటే నేను అక్కడికి అప్లికేషనే పెట్టేదాన్ని కాదు కదమ్మా" అంది. తన కోపం ఫీజు మీద కాదని, మేము చెప్పకుండా దాచినందుకని నాకు అప్పుడు అర్థమైంది.

పిల్లలకు జీతం వివరాలన్నీ చెప్పనవసరం లేదు. ఏడాదికి మీ సంపాదనలోంచి ఎంత కట్టగలరో, ఇప్పటివరకు ఎంత కూడబెట్టారో, వారి పేరున ఎంత అప్పుకు మీరు సమ్మతిస్తారో చెబితే చాలు. పదహారేళ్ల పిల్లలు ఆ మూడు అంకెలను అర్థం చేసుకోగలరు, వాటిని గౌరవించగలరు కూడా.

కాలేజీ ప్రకటించిన ఖర్చు చూస్తేనే భయం వేస్తోంది. నిజంగా అంత కట్టాలా?

చాలా కుటుంబాలు అంత కట్టవు. కొన్ని కుటుంబాలు మాత్రం పూర్తిగా కడతాయి. మీరు ఏ కోవకు చెందుతారో తెలుసుకోవడమే ఈ పనిలో సగం.

కాలేజీ బోర్డు లెక్కల ప్రకారం 2024-25లో నాలుగేళ్ల ప్రభుత్వ కాలేజీలలో స్థానిక విద్యార్థులకు ప్రకటిత ట్యూషన్, ఫీజులు సగటున 11,610 డాలర్లు, బయటి రాష్ట్రాల వారికి 30,780 డాలర్లు, ప్రైవేటు కాలేజీలలో 43,350 డాలర్లు. వసతి, భోజనం దీనికి అదనం. ఈ మొత్తంలోంచి తిరిగి చెల్లించనవసరం లేని గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు తీసివేయగా మిగిలేదే మీ నికర ఖర్చు. కాలేజీలను పోల్చవలసింది ఈ నికర ఖర్చుతోనే.

దీనిని ముందుగానే అంచనా వేసుకునే సదుపాయం ఉంది. 2008 నాటి ఉన్నత విద్యా చట్టం ప్రకారం ఫెడరల్ సహాయం అందించే ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ పెట్టి తీరాలి. కిందటి ఏడాది పన్ను రిటర్ను పక్కన పెట్టుకుని కూర్చుంటే ఒక్కో కాలేజీకి పావుగంట పడుతుంది. సొంత వ్యాపారం, అద్దె ఇళ్లు ఉన్న కుటుంబాలకు, తల్లిదండ్రులు విడిపోయిన కుటుంబాలకు ఆ అంచనా అంతగా సరిపోదు. జీతం మీద ఆధారపడిన మిగిలిన వారికి అది బాగానే ఉపయోగపడుతుంది. జాబితాలోకి ఏ కాలేజీ పేరు చేరినా అదే రోజున ఈ లెక్క వేసి పక్కన రాసిపెట్టుకోండి.

మా ఇద్దరివీ ఐటీ ఉద్యోగాలే. మాకు సహాయం రాదు. మరి ఫెడరల్ సహాయం కోసం ఇచ్చే ఫాఫ్సా ఫారం నింపడం ఎందుకు?

అధిక ఆదాయం ఉన్నవారికి పెల్ గ్రాంట్ రాదన్నది నిజమే. 2025-26లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు, అది తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఉద్దేశించినది. అయినా ఫాఫ్సా నింపమనే నేను చెబుతాను. వడ్డీ రాయితీ లేని ఫెడరల్ విద్యార్థి రుణానికి ఆదాయ పరిమితి లేదు, కానీ ఫాఫ్సా లేకుండా అది రాదు. కొన్ని రాష్ట్రాలు, కొన్ని కాలేజీలు ప్రతిభ ఆధారంగా ఇచ్చే స్కాలర్‌షిప్‌కు సైతం ఫాఫ్సా దాఖలై ఉండాలని కోరతాయి. మధ్యలో ఉద్యోగం పోతే సహాయం పెంచమని అడగడానికి కూడా ఆ ఫారమే ఆధారం.

ఇక మనలో చాలామంది ఊహించని విషయం ఒకటుంది. బాగా నిధులున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలలో మధ్యతరగతి ఆదాయానికీ సహాయం అందుతుంది. సాధారణ ఆస్తులున్న కుటుంబం ఆదాయం 2,00,000 డాలర్ల లోపు ఉంటే హార్వర్డ్, ఎంఐటీ 2025 నుంచి ట్యూషన్ తీసుకోవడం లేదు. 1,00,000 లోపు ఉంటే వసతి, భోజనం ఖర్చు కూడా భరిస్తున్నాయి. అక్కడ సీటు రావడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే. అయితే ఖర్చుకు భయపడి అప్లికేషన్ మానుకోవడం మాత్రం పొరపాటు.

ఫాఫ్సా, సీఎస్‌ఎస్ ప్రొఫైల్ రెండూ ఒకటేనా?

కావు. ఫాఫ్సా ఫెడరల్ ప్రభుత్వ ఫారం. దానికి రుసుము లేదు. ఎవరైనా ఫాఫ్సా నింపిపెడతామని డబ్బు అడిగితే ఇవ్వకండి. సీఎస్‌ఎస్ ప్రొఫైల్‌ను కాలేజీ బోర్డు నడుపుతుంది. అనేక ప్రైవేటు కాలేజీలు తమ సొంత నిధులు పంచడానికి దానిని వాడతాయి. దానికి మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపై ఒక్కోదానికి 16 డాలర్లు రుసుము ఉంటుంది; ఆదాయం 1,00,000 డాలర్ల లోపు ఉంటే రుసుము ఉండదు. మీరు నివసించే ఇంటి విలువను ఫాఫ్సా అడగదు. సీఎస్‌ఎస్ అడుగుతుంది, ఆ విలువను ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలో ఒక్కో కాలేజీ ఒక్కోలా నిర్ణయిస్తుంది.

రెండూ సాధారణంగా అక్టోబరు 1న మొదలవుతాయి. ఫెడరల్ గడువు ఎంతో దూరాన ఉందని నిశ్చింతగా ఉండకండి. రాష్ట్రాల గడువులు, కాలేజీల గడువులు అంతకు ఎన్నో నెలల ముందే ముగుస్తాయి. కాలిఫోర్నియాలో రాష్ట్ర గ్రాంట్లకు సాధారణంగా మార్చి 2 గడువు. ఎర్లీ అప్లికేషన్ పెట్టినవారికి కొన్ని కాలేజీలు నవంబరులోనే ఫారాలు కావాలంటాయి.

ఫారం మొదటి పేజీలోనే ఆగిపోయింది. వివరాలు సరిపోలలేదంటోంది. ఏం చేయాలి?

మన కుటుంబాలలో ఇది తరచుగా వచ్చే ఇబ్బంది, కారణం దాదాపు ఎప్పుడూ పేరే. విద్యార్థీ, తల్లిదండ్రులలో ఒకరూ వేరువేరుగా ఫెడరల్ విద్యార్థి సహాయ కార్యాలయం వారి ఎఫ్‌ఎస్‌ఏ ఖాతా తెరవాలి. అక్కడ ఇచ్చిన పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు ప్రభుత్వ రికార్డులతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఒక సాయంత్రం మా ఇంట్లో ఒక తండ్రి గంటసేపు ప్రయత్నించి విసిగిపోయారు. ఆఖరుకు ఇంటికి వెళ్లి సోషల్ సెక్యూరిటీ కార్డు తెచ్చి బల్ల మీద పెట్టారు. డ్రైవింగ్ లైసెన్సులో ఒక్క పదంగా కలిపి రాసిన ఆయన పేరు కార్డు మీద మూడు ముక్కలుగా ఉంది; రెండో ముక్క మధ్య పేరు గడిలోకి పోయింది; ఇంటిపేరులో ఒక అక్షరం ఎక్కువగా ఉంది. కార్డులో ఉన్నట్టే కొట్టగానే ఖాతా తెరుచుకుంది. కాబట్టి ఫారానికి కూర్చునే ముందు కార్డును చూసి పేరు రాయండి, అలవాటుగా రాసే పేరు రాయకండి. కార్డే తప్పుగా ఉంటే వేసవిలోనే దిద్దించుకోండి.

భార్యాభర్తలు ఉమ్మడిగా పన్ను దాఖలు చేస్తే ఒక్కరు ఫారంలో పాల్గొంటే సరిపోతుంది. విడివిడిగా దాఖలు చేస్తే ఇద్దరూ పాల్గొనాలి. పన్ను వివరాలు నేరుగా ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి తెచ్చుకోవడానికి సమ్మతి ఇవ్వడం తప్పనిసరి. సమ్మతి ఇవ్వకపోతే విద్యార్థికి ఫెడరల్ సహాయం అందదు.

మేము హెచ్‌-1బీ వీసా మీద ఉన్నాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. మా వీసా అడ్డొస్తుందా?

అడ్డు రాదు. ఫెడరల్ సహాయానికి చూసేది విద్యార్థి హోదాను. అమెరికా పౌరుడైన విద్యార్థి తల్లిదండ్రులు ఏ వీసాపై ఉన్నా, వారికి సోషల్ సెక్యూరిటీ నంబరు లేకున్నా ఫాఫ్సా దాఖలు చేయవచ్చు.

మా అమ్మాయి హెచ్‌-1బీ వారి భార్యాపిల్లలకిచ్చే హెచ్‌-4 మీద ఉంది. గ్రీన్‌కార్డు ఎప్పటికి వస్తుందో తెలియదు. ఆమె పరిస్థితి ఏమిటి?

నన్ను ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న ఇదే. రెండేళ్ల వయసులో వచ్చి, ఇక్కడి బడుల్లోనే చదివి, భారతదేశంలో పుట్టిన కారణంగా ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డు వరుసలో చిక్కుకుపోయిన పిల్లలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. హెచ్‌-4 విద్యార్థికి పెల్ గ్రాంట్ గానీ ఫెడరల్ రుణం గానీ లభించదు. 21 ఏళ్లు నిండేసరికి హెచ్‌-4 హోదా ముగుస్తుంది. చాలామంది విద్యార్థి వీసా అయిన ఎఫ్‌-1కు మారవలసి వస్తుంది.

అయినా దారులు పూర్తిగా మూసుకుపోలేదు. అనేక రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు రాష్ట్రంలో స్థిరనివాసం ఉన్న హెచ్‌-4 విద్యార్థులకు స్థానిక ఫీజు వర్తింపజేస్తాయి. అయితే నివాస నిబంధనలు రాష్ట్రానికో తీరు, ఎఫ్‌-1కు మారాక ఆ ఫీజు కొనసాగుతుందా లేదా అన్నదీ చోటును బట్టి మారుతుంది. రెసిడెన్సీ ఆఫీసుకు ఈమెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకుని దాచుకోండి. ఫోనులో ఎవరో చెప్పిన మాటను నమ్ముకుని నాలుగేళ్ల లెక్క వేసుకోకండి. సొంత నిధులున్న ప్రైవేటు కాలేజీలు పౌరులు కాని విద్యార్థులకూ సహాయం చేస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హెర్స్ట్, డార్ట్‌మత్, బోడన్ వంటివి విదేశీ విద్యార్థుల ప్రవేశంలో కూడా ఆర్థిక స్తోమతను చూడవు. చాలా ఇతర కాలేజీలు చూస్తాయి. హెచ్‌-4 విద్యార్థిని స్థానిక విద్యార్థిగా లెక్కిస్తారా, అంతర్జాతీయ విద్యార్థిగా లెక్కిస్తారా అని ముందే అడగండి. మధ్యలో గ్రీన్‌కార్డు వస్తే వెంటనే ఆ విద్యా సంవత్సరానికే ఫాఫ్సా దాఖలు చేసి కాలేజీకి తెలియజేయండి.

హైదరాబాద్‌లో ఫ్లాట్, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. ఫారంలో చూపాలా?

చూపాలి. ఆస్తి ఏ దేశంలో ఉన్నా నియమం ఒకటే. మీరు నివసించే ఇల్లు తప్ప మిగిలిన స్థలాలు, ఫ్లాట్లు పెట్టుబడులుగానే లెక్కకు వస్తాయి. ఫారం సమర్పించే రోజున వాటి మార్కెట్ విలువలోంచి వాటి మీదున్న అప్పు తీసివేసి డాలర్లలో రాయాలి. డిపాజిట్లూ అంతే. ఉమ్మడి ఆస్తి అయితే మీ వాటా మాత్రమే రాయాలి. మీ నాన్నగారి పేరున ఉన్న పొలం ఎప్పటికైనా మీకే వస్తుందని అందరికీ తెలిసినా, ఈ రోజున అది మీ ఆస్తి కాదు.

"అక్కడి సంగతి ఇక్కడెవరికి తెలుస్తుంది" అనే మాట నేను విన్నాను. ఇది సంతకం చేసి ఇచ్చే ఫెడరల్ ఫారం. తెలిసీ తప్పుడు వివరాలు ఇవ్వడం నేరం, పైగా పిల్లల పేరున నడిచే కాగితం అది. అలా నింపడానికి నేను ఎవరికీ సహాయం చేయను.

రిటైర్మెంట్ ఖాతాలలోని నిల్వలను, 401కే అయినా ఐఆర్‌ఏ అయినా, ఫాఫ్సా అడగదు.

ఊళ్లో అమ్మానాన్నలకు నెలనెలా డబ్బు పంపుతున్నాం. దానిని పరిగణిస్తారా?

ఫాఫ్సాలో దానికి చోటు లేదు. భారతదేశంలో ఉంటున్న తల్లిదండ్రులను, వారు అమెరికా పౌరులు కాకపోతే, ఇక్కడి పన్ను రిటర్నులో ఆధారితులుగా చూపడం కుదరదు. వారు మీతోనే ఇక్కడ నివసిస్తూ, వారి పోషణలో సగానికి మించి మీరే భరిస్తుంటే కుటుంబ సంఖ్యలో చేర్చవచ్చు. సీఎస్‌ఎస్ ప్రొఫైల్‌లో మాత్రం ప్రత్యేక పరిస్థితులు వివరించే చోటు ఉంది. తండ్రి ఆపరేషన్‌కు, తల్లి మందులకు ఏడాదికి ఎంత పంపారో బ్యాంకు కాగితాలతో సహా రాయండి. అందరూ ఒప్పుకోరు, కానీ చదివి లెక్కలోకి తీసుకున్న కాలేజీలను చూశాను.

ఏ సంవత్సరపు ఆదాయాన్ని చూస్తారు?

రెండేళ్ల కిందటి ఆదాయాన్ని. 2026 శరత్కాలంలో చేరే విద్యార్థికి 2024 పన్ను రిటర్ను ఆధారం. మరో మాటలో చెప్పాలంటే, పదో తరగతి జనవరి నుంచి పదకొండో తరగతి డిసెంబరు దాకా మీ ఇంట్లోకి వచ్చిన ఆదాయం మొదటి ఏడాది సహాయాన్ని నిర్ణయిస్తుంది. ఊళ్లో స్థలం అమ్మాలన్నా, పెద్ద మొత్తంలో కంపెనీ షేర్లు అమ్మాలన్నా, సహాయం వచ్చే అవకాశమున్న కుటుంబాలు ఆ పన్నెండు నెలలకు ముందే ఆలోచించుకోవాలి. ఆ లాభం ఆదాయంగా కనిపిస్తుంది.

కంపెనీలో లేఆఫ్ అయింది. పాత జీతమే చూస్తే మాకు అన్యాయం కాదా?

అందుకే అప్పీలు ఉంది. కాలేజీ సహాయ కార్యాలయానికి, మారిన పరిస్థితులను ఒక్కో కుటుంబానికి విడిగా పరిశీలించి లెక్కను సవరించే అధికారాన్ని చట్టమే ఇచ్చింది. ఉద్యోగం పోవడం, జీతం తగ్గడం, పెద్ద వైద్య ఖర్చు, విడాకులు, మరణం వంటివన్నీ అడగదగిన కారణాలే. ముందు ఫాఫ్సాలో పాత వివరాలనే ఉన్నవి ఉన్నట్టు నింపాలి. తర్వాత ఆయా కాలేజీకి విడిగా ఉత్తరం రాయాలి. దానికి లేఆఫ్ లేఖ, చివరి జీతం చీటీ, సెవరెన్స్ వివరాలు, ఈ ఏడాది రాబోయే ఆదాయపు అంచనా జతచేయాలి.

ఉత్తరం ఒక పేజీ మించకుండా, తేదీలతో అంకెలతో ఉంటే మంచిది. మనవాళ్లలో చాలామంది అడగడానికే మొహమాటపడతారు, అడిగితే సీటు పోతుందేమోనని భయపడతారు. ప్రవేశం వచ్చాక చేసే అప్పీలు వల్ల సీటు పోదు.

చదువు కోసం పొదుపు చేసే 529 ఖాతాలో డబ్బు ఉంటే సహాయం తగ్గిపోతుందా?

తగ్గుతుంది, కానీ జనం అనుకునేంత కాదు. తల్లిదండ్రుల పేరున ఉన్న 529 తల్లిదండ్రుల ఆస్తిగా లెక్కకు వస్తుంది, దానిలో ఏడాదికి గరిష్ఠంగా 5.64 శాతమే సహాయాన్ని తగ్గిస్తుంది. 10,000 డాలర్లు ఉంటే తగ్గేది ఎక్కువలో ఎక్కువ 564 డాలర్లు. అదే మొత్తం పిల్లల పేరున మామూలు బ్యాంకు ఖాతాలోనో, పెద్దల సంరక్షణలో నడిచే పెట్టుబడి ఖాతాలోనో ఉంటే 20 శాతం, అంటే 2,000 డాలర్లు లెక్కలోకి పోతుంది. పుట్టినరోజులకు వచ్చిన డబ్బంతా పిల్లల పేరునే వేయాలన్న మన అలవాటు ఇక్కడ నష్టం చేస్తుంది. తాతయ్య, నానమ్మల పేరున ఉన్న 529 నుంచి తీసిన డబ్బును 2024-25 నుంచి ఫాఫ్సా అడగడం లేదు.

529లో పెరిగిన సొమ్మును చదువు ఖర్చులకు వాడితే ఫెడరల్ పన్ను ఉండదు. రాష్ట్ర పన్ను మినహాయింపు సంగతి మీరున్న రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియా ఏమీ ఇవ్వదు. ఇల్లినాయిస్ తన సొంత ప్లాన్‌లో వేసిన దంపతులకు 20,000 డాలర్ల దాకా ఇస్తుంది. చదువు కాని వాటికి వాడితే పెరిగిన భాగంపై పన్నుతో పాటు 10 శాతం జరిమానా పడుతుంది. పిల్లవాడికి స్కాలర్‌షిప్ వచ్చి డబ్బు మిగిలితే కంగారు పడవద్దు. స్కాలర్‌షిప్ మొత్తం మేరకు తీసుకుంటే జరిమానా ఉండదు, పన్ను మాత్రమే ఉంటుంది. తోబుట్టువు పేరుకు మార్చవచ్చు. ఖాతా తెరిచి 15 ఏళ్లు దాటితే, ఏటా ఉండే పరిమితులకు లోబడి, జీవితకాలంలో 35,000 డాలర్ల వరకు ఆ బిడ్డ రాత్ ఐఆర్‌ఏలోకి మళ్లించవచ్చు.

ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే రాయితీ ఉంటుందా?

ఫాఫ్సాలో 2024-25 నుంచి ఆ రాయితీ తీసేశారు. కవలలున్న ఇళ్లకు ఇది పెద్ద దెబ్బ. సీఎస్‌ఎస్ వాడే కాలేజీలు చాలావరకు ఇప్పటికీ దీన్ని పరిగణిస్తాయి, కనుక అటువంటి కుటుంబాలు ఆ కాలేజీల కాలిక్యులేటర్లను తప్పక చూడాలి.

మార్కులు బాగున్నాయి. మెరిట్ స్కాలర్‌షిప్ ఎక్కడ వస్తుంది?

పేరున్న చోట అంతగా రాదు, మీ బిడ్డ మిగిలినవారి కంటే ముందున్న చోట వస్తుంది. ఐవీ లీగ్‌లోని ఎనిమిది విశ్వవిద్యాలయాలూ మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవు, వారిచ్చేదంతా అవసరాన్ని బట్టే. అంటే ఆదాయం బాగా ఎక్కువున్న ఇంటి నుంచి వెళ్లే పిల్లలు ఎంత ప్రతిభావంతులైనా అక్కడ పూర్తి ఖర్చు కట్టవలసిందే. ఈ విషయం తెలియక, "ఇంత స్కోరు ఉంది, ఎంతోకొంత ఇవ్వకపోతారా" అని ఏప్రిల్ దాకా ఎదురుచూసిన కుటుంబాలు నాకు తెలుసు.

రాష్ట్రాల పథకాలు కూడా చూడండి. జార్జియాలో లాటరీ నిధులతో 1993లో మొదలైన హోప్ స్కాలర్‌షిప్ ఉంది; ఫ్లోరిడాలో బ్రైట్ ఫ్యూచర్స్ ఉంది. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో కనీసం 1,000 డాలర్ల పోటీ స్కాలర్‌షిప్ గెలిచిన బయటి రాష్ట్రపు విద్యార్థికి స్థానిక ఫీజు వర్తించే వీలుంది. పశ్చిమ రాష్ట్రాల ఒప్పందం కింద, అందులో పాల్గొనే కాలేజీలలో ఇరుగుపొరుగు రాష్ట్రాల పిల్లలు స్థానిక ట్యూషన్‌కు ఒకటిన్నర రెట్లు మించకుండా కడతారు.

ఎర్లీ డెసిషన్ పెట్టవచ్చా?

అది సీటు వస్తే ఆ కాలేజీలోనే చేరతామని ముందే కట్టుబడి ఉండవలసిన ఒప్పందం, కాబట్టి వేరే కాలేజీల సహాయంతో పోల్చుకునే అవకాశం మీకు ఉండదు. కాలిక్యులేటర్ చూపిన ఖర్చు మీకు సమ్మతమైతేనే పెట్టండి. కాలేజీ ఇచ్చిన సహాయం నిజంగా చాలకపోతే ఒప్పందం నుంచి విడుదల చేయమని అడగవచ్చు.

సహాయం వివరించే లేఖను ఎలా చదవాలి?

లేఖలో రాసిన "మొత్తం సహాయం" అనే అంకెను పక్కన పెట్టి చదవాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ప్రైవేటు కాలేజీ ఏడాది ఖర్చు 82,000 డాలర్లు. సహాయం 57,500 అని లేఖలో పెద్ద అక్షరాలతో ఉంది. విడదీసి చూస్తే కాలేజీ గ్రాంట్ 30,000, విద్యార్థి రుణం 5,500, క్యాంపస్ ఉద్యోగం 2,000, తల్లిదండ్రుల పేరున పేరెంట్ ప్లస్ రుణం 20,000. ఇందులో నిజంగా ఖర్చు తగ్గించేది 30,000 మాత్రమే. రుణాలు రేపు మీరు కట్టవలసినవి. క్యాంపస్ ఉద్యోగం డబ్బు పిల్లవాడు గంటల చొప్పున పనిచేశాక చేతికొచ్చేది. కనుక నికర ఖర్చు 52,000. పక్కనే స్థానిక విశ్వవిద్యాలయం లేఖలో ఖర్చు 34,000, గ్రాంట్ 4,000 మాత్రమే ఉంటాయి. సహాయం చిన్నదిగా కనిపిస్తుంది, నికర ఖర్చు మాత్రం 30,000. ఏడాదికి 22,000, నాలుగేళ్లకు 88,000 తేడా.

ఆ 88,000 డాలర్లకు తగినది ఆ కాలేజీలో ఉందా అన్నది కుటుంబంగా తేల్చుకోవలసిన ప్రశ్న. ఉందని నిర్ణయించుకున్న వారిని నేను తప్పుపట్టను. అంకెలు ముందు పెట్టుకుని నిర్ణయించుకున్నారా లేదా అన్నదే నా పట్టుదల. లేఖలో వసతి ఖర్చు, విమాన ప్రయాణాలు, ఆరోగ్య బీమా చేర్చారో లేదో కూడా చూడండి. గ్రాంట్ ఏటా కొనసాగాలంటే ఎంత జీపీఏ నిలబెట్టుకోవాలో అడగండి.

అప్పు ఎంతవరకు చేయవచ్చు?

తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థికి ఫెడరల్ రుణం మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆ తర్వాత ఏడాదికి 7,500 డాలర్లు. మొత్తం 31,000 మించదు. 2025-26లో వడ్డీ 6.39 శాతం. పిల్లల పేరున అప్పు ఈ పరిధిలో ఆగితే చదువయ్యాక తీర్చుకోగలరన్నది నా నమ్మకం.

పేరెంట్ ప్లస్ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. 2025-26లో దాని వడ్డీ 8.94 శాతం, ఆపైన 4 శాతానికి పైగా ముందస్తు రుసుము. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి ఒక్కో విద్యార్థికి ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 డాలర్ల పరిమితి ఉంటుంది. అదే చట్టం పీజీ విద్యార్థులకు ఉన్న ప్లస్ రుణాన్ని కొత్తవారికి ఆపేసింది. బిడ్డ వైద్యవిద్య వైపు వెళ్లాలనుకుంటే, డిగ్రీకే దాచినదంతా ఖర్చు పెట్టేయకుండా ఉండడానికి ఇది బలమైన కారణం. వృత్తి విద్యకు ఫెడరల్ రుణం ఇకపై ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 మించదు.

ఫీజు కోసం 401కే తీయవచ్చా?

తీయవద్దు. 59 ఏళ్ల 6 నెలలు నిండకముందు తీస్తే పన్నుతో పాటు సాధారణంగా 10 శాతం జరిమానా పడుతుంది. తీసిన మొత్తం ఆదాయంగా కనిపించి తర్వాతి ఏళ్ల సహాయాన్నీ తగ్గిస్తుంది. చదువుకు అప్పు దొరుకుతుంది, వృద్ధాప్యానికి ఎవరూ అప్పు ఇవ్వరు.

కమ్యూనిటీ కాలేజీలో చేర్పిస్తే నలుగురిలో చులకన కాదా?

ఈ ప్రశ్న అడిగిన తల్లికి నేను కాలిఫోర్నియా పద్ధతి చూపించాను. అక్కడ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు నిర్ణీత కోర్సులు, మార్కులతో పూర్తిచేసిన విద్యార్థికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ)లోని ఆరు క్యాంపస్‌లు షరతులకు లోబడి సీటు హామీ ఇస్తాయి. బర్క్లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఆ హామీలో లేవు గానీ అవి కూడా బదిలీ విద్యార్థులను పెద్దసంఖ్యలో తీసుకుంటాయి. చివరికి చేతికొచ్చేది ఆ విశ్వవిద్యాలయం పట్టాయే. ఏ కోర్సు బదిలీ అవుతుందో మొదటి సెమిస్టరుకు ముందే సలహాదారుతో కూర్చుని చూసుకోకపోతే మాత్రం ఒక ఏడాది వృథా అయ్యే ప్రమాదం ఉంది.

పన్నులో ఏమైనా తిరిగి వస్తుందా?

ఉమ్మడి ఆదాయం 1,60,000 డాలర్ల లోపు ఉంటే ఏడాదికి 2,500 డాలర్ల దాకా అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ నాలుగేళ్ల పాటు దొరుకుతుంది. 1,80,000 దాటితే అసలు రాదు. పూర్తి మొత్తం రావాలంటే ట్యూషన్, పుస్తకాల ఖర్చులో 4,000 డాలర్లు 529 నుంచి కాకుండా వేరే డబ్బుతో కట్టాలి. ఒకే ఖర్చుకు రెండు ప్రయోజనాలూ తీసుకోవడం కుదరదు.

మొదటి ఏడాది నింపితే సరిపోతుందా?

సరిపోదు. ఫాఫ్సా ప్రతి ఏడాదీ కొత్తగా నింపాలి, సీఎస్‌ఎస్ అడిగే కాలేజీలలో చాలావరకు అదీ ఏటా నింపాలి. రెండో ఏడాది గడువు కాలేజీ పోర్టల్‌లో ఉంటుంది, ఇంటికి ఉత్తరం రాదు. పిల్లలు పరీక్షల హడావిడిలో పోర్టల్ చూడరు; తల్లిదండ్రులకు ఆ పోర్టల్ తెరిచే హక్కు విద్యార్థి ఇస్తేనే ఉంటుంది. ఆగస్టులో హాస్టల్ గదిలో సామాను దింపి వచ్చే రోజునే ఆ అనుమతి ఫారం ఇద్దరూ కలిసి నింపి, అక్టోబరు 1 తేదీని రెండు ఫోన్లలోనూ గుర్తు పెట్టుకోండి.